ఎర్రమాత్ర వెనక ఎల్లాప్రగడ

నెల తప్పిందని తెలియగానే మన చేతికి ముందుగా అందేది ఏమిటో చెప్పండి చూద్దాం! పుట్టింటి చలిమిడికి ఇంకా టైముంది. సీమంతం గాజులకు మరీ టైముంది. ముందు వచ్చేది మాత్రల అట్ట. మొదటి మూడు నెలలూ ఫోలిక్ యాసిడ్ మాత్ర, నాలుగో నెల నుంచి ఐరన్, ఫోలిక్ యాసిడ్ రెండూ కలిపిన ఎర్రమాత్ర. పేదింటి కోడలైనా, పెద్దింటి కూతురైనా మింగాల్సిందే. ఐరన్ అంటే ఇనుమని చదువురాని అవ్వకి కూడా తెలుసు. మరి ఆ రెండో పేరు సంగతేమిటి? అది ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎవరి కష్టం?

చిల్లకూరు చుట్టుపక్కల బళ్ళలో ఇరవై ఏళ్ళకు పైగా సైన్సు పాఠాలు చెప్పాను నేను. మాకు ఒకవైపు గూడూరు నిమ్మతోటలు. ఇంకోవైపు తమ్మినపట్నం దాకా తెల్ల ఇసుక, రొయ్యల గుంటలు, ఆపైన సముద్రం. ఇక్కడి ఆడవాళ్ళకు తెల్లారితే పనే. నాట్లకు పోయేవాళ్ళు, నిమ్మకాయలు ఏరేవాళ్ళు, రొయ్యలు ఒలిచేవాళ్ళు. వీళ్ళలో చాలామంది నర్సమ్మ ఇచ్చిన మాత్రల్ని ఇంటికి తీసుకెళ్ళి గూట్లో దాచేస్తారు. వికారంగా ఉంటుందని కొందరు, విసర్జన నల్లగా వస్తోందని కొందరు. బిడ్డ నల్లగా పుడతాడని భయపడేవాళ్ళు ఇంకొందరు! మాత్రకీ బిడ్డ రంగుకీ ఏ సంబంధమూ లేదని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. పాఠంలా చెబితే తల ఊపేసి పోయేవాళ్ళు. అందుకని మాత్ర వెనకున్న మనిషి కథ చెప్పడం మొదలుపెట్టాను. కథ అనేసరికి కూర్చునేవాళ్ళు. ఆ కథే ఇప్పుడు మీకూ చెబుతాను.

ఆయన పేరు ఎల్లాప్రగడ సుబ్బారావు. మనవాడే. భీమవరంలో పుట్టిన తెలుగు బిడ్డ.

కాశీలో అరటిపళ్ళు అమ్ముదామని...

1895 జనవరి 12న పుట్టాడు సుబ్బారావు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో ఈయన నాలుగోవాడు. తండ్రి ఆరోగ్యం బాగాలేక ఉద్యోగం ముందే మానుకోవడంతో ఇల్లు గడవడం కష్టమైంది. ఇక పిల్లాడు చూస్తే చదువు మీద ధ్యాస లేనివాడు. పదమూడేళ్ళప్పుడు ఇంట్లో చెప్పకుండా కాశీకి బయల్దేరాడు. ఎందుకనుకున్నారు? అక్కడికొచ్చే యాత్రికులకు అరటిపళ్ళు అమ్మితే బోలెడు డబ్బొస్తుందట! వెంకమ్మగారు ఊరుకునే మనిషి కాదు. వెనక్కి పట్టి తెచ్చి మళ్ళీ బళ్ళో కూర్చోబెట్టింది.

మెట్రిక్ ఒక్కసారికి పాసవలేదు, రెండోసారికీ పాసవలేదు. మద్రాసులో హిందూ హైస్కూల్లో చేరి మూడోసారికి గట్టెక్కాడు. ఈలోగా తండ్రి పోయాడు. కొడుకు చదువు ఆగకూడదని తల్లి నగలమ్మింది. మూడుసార్లు పరీక్ష రాసినవాడి మీద నమ్మకం పెట్టుకుని ఒంటిమీది బంగారం తీసివ్వడం ఎంత కష్టమో మనకు తెలియనిదా! పిల్లాడు ఓసారి తప్పగానే ఇక వీడి బతుకింతే అని తేల్చేసే ఇళ్ళు ఈరోజుకీ ఎన్ని లేవు? అందుకే ఈ కథలో మొదటి దండం నేను వెంకమ్మగారికే పెడతాను.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ చదివాక కుర్రాడి మనసు సన్యాసం వైపు మళ్ళింది. రామకృష్ణ మఠంలో చేరతానన్నాడు. తల్లి అనుమతి ఉంటేనే చేర్చుకుంటామన్నారు మఠంవాళ్ళు. తల్లి ససేమిరా అంది. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు.

చదువు ఖర్చుల దగ్గర మళ్ళీ ఇబ్బంది. 1919 మే నెలలో అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి అమ్మాయి శేషగిరితో పెళ్ళయింది. మామగారు చదువుకు సాయం చేశారు. శేషగిరి అనే ఈ పేరు మీరు గుర్తుపెట్టుకోండి. మళ్ళీ ఆమె దగ్గరికి వద్దాం.

అవి గాంధీగారి పిలుపుతో విదేశీ బట్టలు వదిలేస్తున్న రోజులు. సుబ్బారావు ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు కోటే వేసుకెళ్ళేవాడు. శస్త్రచికిత్స చెప్పే తెల్లదొర ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్‌కి అది నచ్చలేదు. మిగతా పాఠాల్లో బాగానే చేసినా చివరికి చేతికొచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఆ పట్టాతో ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం దొరకలేదు.

ఇంటి మీద పడ్డ దెబ్బ ఇంకోటి ఉంది. ఇద్దరు అన్నదమ్ములు కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. స్ప్రూ అనే జబ్బు. పెద్దవాళ్ళు సంగ్రహణి అనేవారు. తిన్నది ఒంటికి పట్టదు, నీళ్ళ విరేచనాలు ఆగవు, రక్తం క్షీణించి మనిషి కళ్ళముందే కరిగిపోతాడు. సుబ్బారావుకూ వచ్చింది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద మందుతో బయటపడ్డాడు. ఆ తర్వాత మద్రాసులో ఆయన ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రం బోధించాడు. అన్నదమ్ముల్ని పొట్టన పెట్టుకున్న జబ్బుకి మందేమిటన్న ప్రశ్న మాత్రం మనసులో ఉండిపోయింది. పరిశోధన చెయ్యాలి. చేస్తే అమెరికాలోనే చెయ్యాలి. మామగారు కొంత, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత ఇస్తే 1920ల మొదట్లో ఓడెక్కాడు. మూడేళ్ళలో తిరిగొస్తానని శేషగిరికి మాటిచ్చి వెళ్ళాడు.

నీలంరంగు లెక్క

బోస్టన్‌లో దిగినప్పుడు చేతిలో డబ్బు లేదు. హార్వర్డ్‌లో ఉష్ణదేశాల జబ్బుల చదువు చదువుతూ, రాత్రిళ్ళు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగి పొట్ట పోసుకున్నాడు. మన ఇళ్ళలో డాక్టరు చదివిన అబ్బాయిని ఆ పని చెయ్యమంటే ఏమంటాడో ఊహించుకోండి!

తర్వాత జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుడి దగ్గర పనికి కుదిరాడు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలవడానికి అప్పటికి తేలిక దారి లేదు. ఇద్దరూ కలిసి 1925లో ఒక పద్ధతి ప్రకటించారు. నమూనాలో కొన్ని రసాయనాలు కలిపితే నీలంరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. ఇంతే! ఈ ఫిస్కే-సుబ్బారావు పద్ధతిని ప్రపంచమంతా వాడుకుంది. మన బయోకెమిస్ట్రీ పిల్లలు ఇప్పటికీ చదువుతారు. ఆ పేరులోని రెండో మనిషి తెలుగువాడని వాళ్ళలో ఎందరికి తెలుసో!

ఆ కొలత చేతికొచ్చాక కండరాల్లో వెతికారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ బయటపడ్డాయి. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నాడు. ఏటీపీ అంటే మన ఒంట్లో చలామణీ అయ్యే చిల్లర డబ్బు లాంటిది. తిన్న అన్నం, పప్పు అన్నీ చివరికి ఈ చిల్లర కిందే మారతాయి. బిందె ఎత్తినా, రుబ్బురోలు తిప్పినా, ఊరికే కూర్చుని ఊపిరి పీల్చినా ఖర్చయ్యేది అదే. కండరం ఎలా పనిచేస్తుందో చెప్పినందుకు 1922 నోబెల్ బహుమతి హిల్, మేయర్‌హాఫ్ అనే ఇద్దరికి ఇచ్చారు. ఈ కొత్త సంగతులతో ఆ లెక్కనే మళ్ళీ రాసుకోవాల్సి వచ్చింది.

1930లో పిహెచ్.డి. వచ్చింది. హోదా మాత్రం పెరగలేదు. పదేళ్ళ పైచిలుకు చిన్న ఉద్యోగంలోనే ఉంచారు. హార్వర్డ్‌లో ఆ రోజుల్లోనే చదువుకుని, 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచ్చింగ్స్ తర్వాత్తర్వాత ఒక సంగతి చెప్పాడు. సుబ్బారావు విడదీసిన కొన్ని పదార్థాలు ఫిస్కే కారణంగా అప్పట్లో వెలుగు చూడలేదట. వాటిని ఏళ్ళ తర్వాత ఇంకెవరో మళ్ళీ కనిపెట్టాల్సి వచ్చిందట. ఇంటెడు చాకిరీ చేసినా వంట ఎవరు చేశారని అడిగితే పేరు చెప్పని ఇళ్ళు మనకు కొత్త కాదుగా. హార్వర్డ్ అయినా అంతే!

బొంబాయి మిల్లుల్లో మన ఆడవాళ్ళు

ఇక్కడ సుబ్బారావుగారిని కాసేపు పక్కన ఉంచి ఇంకో మనిషి గురించి చెప్పాలి. ఆమె లేకపోతే ఎర్రమాత్ర కథ సగమే.

లూసీ విల్స్ ఇంగ్లండు డాక్టరు. 1928లో బొంబాయి వచ్చింది. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద ఆడవాళ్ళు కడుపుతో ఉండగా పాలిపోయి, రొప్పుతూ, కొందరు కాన్పుకి ముందో వెనకో ప్రాణం వదిలేవాళ్ళు. రక్తం చూస్తే ఎర్రకణాలు తక్కువగా ఉన్నాయి, ఉన్నవి కూడా మామూలు కంటే పెద్దగా ఉబ్బి ఉన్నాయి. వాళ్ళు ఏం తింటున్నారో ఆమె ఇల్లిల్లూ తిరిగి రాసుకుంది. పాలు, పళ్ళు, ఆకుకూరలు దాదాపు లేవు. ఎలుకల మీద, కోతుల మీద రకరకాల తిండి పెట్టి చూసింది. చివరికి పనిచేసింది ఏమిటో తెలుసా? మార్మైట్ అనే నల్లటి ముద్ద. ఇంగ్లండులో రొట్టె మీద పూసుకుంటారు. బీరు తయారీలో అడుగున మిగిలిపోయిన ఈస్టుతో చేస్తారు దాన్ని. రొట్టె పిండిని పొంగించేదీ, కల్లుని నురగలు కక్కించేదీ ఈ ఈస్టే. దాన్ని తిన్న ఆడవాళ్ళు తేరుకున్నారు. 1931లో ఈ సంగతి ప్రకటించింది.

అదే 1931లో ఆమె మద్రాసులోనూ పనిచేసింది. ట్రిప్లికేన్‌లోని గోషా ఆసుపత్రిలో. ఇప్పుడు దాని పేరు కస్తూర్బా గాంధీ ఆసుపత్రి. మా చిల్లకూరు నుంచి మద్రాసు ఎంత దూరం? గూడూరులో రైలెక్కితే పూటలో దిగుతాం. కష్టమైన కాన్పంటే ఈ ప్రాంతంవాళ్ళకి మద్రాసు ఆసుపత్రులే దిక్కుగా ఉండేవి. ఈస్టులో ఏదో ఉంది, అది తల్లిని బతికిస్తోంది. ఆ ఏదో ఏమిటన్నది లూసీకి అంతుబట్టలేదు. దానికి విల్స్ ఫాక్టర్ అని పేరు పెట్టుకున్నారంతే.

చుక్కలు పెట్టి, గీతలు కలిపి

1940లో సుబ్బారావు హార్వర్డ్ వదిలేసి, న్యూయార్కు రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లే మందుల కంపెనీ ప్రయోగశాలలో చేరాడు. కొద్దికాలానికే పరిశోధన డైరెక్టరయ్యాడు. రక్తహీనత తగ్గించే ఆ ఏదో పదార్థాన్ని పట్టుకోవడం ఆయన బృందం పెట్టుకున్న పనుల్లో ఒకటి.

ఆ పదార్థం జంతువుల కాలేయంలో ఉంది, ఈస్టులో ఉంది, ఆకుల్లో ఉంది. 1941లో పాలకూర ఆకుల్లోంచి తీసినవాళ్ళు, ఆకు అనే అర్థమొచ్చే లాటిన్ మాట నుంచి దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. అయితే బండెడు ఆకులు నూరితే గోటిమీద పట్టేంత వస్తుంది. దాంతో ఎందరికి వైద్యం చేస్తారు? దాని నిర్మాణం తెలిస్తే ఫ్యాక్టరీలో చేసుకోవచ్చు. నిర్మాణం తెలియడమంటే? ఇది మనకు తెలిసిన విద్యే!

ముగ్గు వేసేటప్పుడు ముందు చుక్కలు పెడతాం. తర్వాత ఏ చుక్కని ఏ చుక్కతో కలపాలో చూసి గీత లాగుతాం. చుక్కలవే, గీత మారితే ముగ్గు మారిపోతుంది. అణువులూ అంతే. కార్బన్, నత్రజని, ఆక్సిజన్ చుక్కలు. వాటి మధ్య బంధాలు గీతలు. ఫోలిక్ యాసిడ్ ముగ్గులో మూడు భాగాలున్నాయి. అతుక్కుని ఉన్న రెండు గళ్ళు, ఆ పక్కన విడిగా ఇంకో గడి, చివర ఒక తోక. ఈస్టులో దొరికే రకానికి ఒకటికి బదులు ఏడు తోకలు వరసగా ఉన్నాయి. ఒకే పదార్థం ఒక్కోచోట ఒక్కో వేషంలో ఉండబట్టే అంతకాలం అందరూ తికమకపడ్డారు. ఆ ముగ్గు విప్పి, దాన్ని ప్రయోగశాలలో మళ్ళీ వేసి చూపించింది లెడర్లే బృందమే. 1945లో వచ్చిన ఆ పత్రం మీద పదిహేనుమందికి పైగా పేర్లున్నాయి. ఆ వరస మధ్యలో ఎక్కడో సుబ్బారావు పేరు. అసలు ఫోలిక్ యాసిడ్ పసుపుపచ్చటి పొడి. మన మాత్రకి ఆ ఎరుపు పైపూత మాత్రమే.

చుక్కలూ గీతల బొమ్మని లెక్కల్లో గ్రాఫ్ అంటారు. 1878లో ఆ మాటని లెక్కల్లోకి తెచ్చిన సిల్వెస్టర్ కూడా అణువుల బొమ్మలు చూసే ఆ పేరు పెట్టాడు. ఇప్పుడు లక్షల అణువుల బొమ్మల్ని కంప్యూటర్లు ఇలాగే చుక్కల లెక్కన పోల్చి చూసి, ఏది మందుకి పనికొస్తుందో వెతుకుతున్నాయి. 1996లో ఈస్టు జన్యువుల పట్టిక మొత్తం చదివేశారు. దాదాపు 6,000 జన్యువులు. ఏ జన్యువు ఎప్పుడు మేల్కొంటుంది, దేనితో కలిసి మేల్కొంటుంది అని మళ్ళీ చుక్కలు పెట్టి గీతలు కలుపుతున్నారు. ఇంకో తమాషా చూడండి. ఈస్టు తనకు కావలసిన ఫోలేటుని తనే చేసుకుంటుంది. చెట్లూ చేసుకుంటాయి. మనిషికి మాత్రం ఆ విద్య లేదు. తినే తెచ్చుకోవాలి. అందుకే తోటకూర, పాలకూర, గోంగూర, శనగలు, పెసలు. వాటిని నీళ్ళలో గంటలకొద్దీ ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే అందులోదీ పోతుంది, జాగ్రత్త!

1945-46ల్లో టామ్ స్పైస్ అనే అమెరికా డాక్టరు క్యూబాలోనూ మరికొన్నిచోట్లా స్ప్రూ రోగులకు ఈ కొత్త ఫోలిక్ యాసిడ్ ఇచ్చి చూశాడు. మంచాన పడ్డవాళ్ళకు ఆకలి పుట్టింది, రక్తం పట్టింది. స్ప్రూ... సుబ్బారావు అన్నదమ్ముల్ని మింగిన జబ్బు. వాళ్ళు పోయిన పాతికేళ్ళ పైచిలుకుకి ఆయన బృందం చేసిన పదార్థమే ఆ జబ్బుకి మందయింది. ఈ సంగతి చెప్పేటప్పుడు నా గొంతు ప్రతిసారీ కాస్త పట్టేస్తుంది.

ఒక్క చుక్క మారిస్తే

ఫోలిక్ యాసిడ్ ఒంట్లో ఏం చేస్తుంది? కణం రెండుగా చీలేటప్పుడు కొత్త జన్యుపదార్థం తయారవ్వాలి. దానికి ఇది కావాలి. కడుపులో బిడ్డ పెరగడమంటే కణాలు చీలుతూ పోవడమే కదా. అందుకే గర్భిణికి ఎక్కువ కావాలి. బిడ్డ వెన్నుపాము గొట్టం మూసుకునేది మొదటి నాలుగు వారాల్లోనే. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు! 1991లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, అంతకుముందు వెన్నులోపంతో బిడ్డ పుట్టిన తల్లులకు మళ్ళీ గర్భం రాకముందు నుంచీ ఫోలిక్ యాసిడ్ ఇస్తే, ఆ లోపం మళ్ళీ రావడం 72 శాతం తగ్గింది. పిల్లలు కావాలనుకున్నప్పటి నుంచే డాక్టర్ని అడిగి మొదలుపెట్టమనేది ఇందుకే.

దీనికి రెండో ముఖం కూడా ఉంది. కణాలు పిచ్చిగా చీలిపోవడమే క్యాన్సర్. మరి ఫోలిక్ యాసిడ్‌లా కనిపిస్తూ దాని పని చెయ్యని దొంగ అణువుని పంపిస్తే? ముగ్గులో ఒకచోట చిన్న మార్పు చేసి అమినోప్టెరిన్ తయారుచేశారు లెడర్లేలో. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు దాన్ని రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చాడు. అప్పటిదాకా ఆ జబ్బు వచ్చిందంటే వారాల లెక్కే. 1948 జూన్‌లో ఆయన రాసినదాని ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. జబ్బు మళ్ళీ తిరగబెట్టినా, క్యాన్సర్‌ని మందుతో లొంగదీయొచ్చన్న ఆశ మొదలైంది అక్కడే. దాని చెల్లెలు మెథోట్రెక్సేట్. 1956లో మాయ నుంచి పుట్టే ఒకరకం క్యాన్సర్ వచ్చిన తల్లుల్ని ఆ మందు బతికించింది. ఇప్పుడు కీళ్ళవాతానికీ వాడుతున్నారు. అన్నట్టు, ఇది గర్భిణులు అస్సలు ముట్టకూడని మందు. డాక్టరు చెప్పకుండా ఎవరూ వాడకూడదు.

మా తీరంవాళ్ళకి ఇంకోటి చెబితే కళ్ళు పెద్దవవుతాయి. బోదకాలు! కోస్తా ఊళ్ళలో ఆ కాళ్ళు చూడనివాళ్ళు లేరు. దానికి వాడే డీఈసీ మాత్ర 1947లో సుబ్బారావు బృందం వెలికి తెచ్చిందే. 2004 నుంచి మన దేశంలో బోదకాలు ఉన్న జిల్లాల్లో ఇంటింటికీ పంచిన మాత్రల్లో అదీ ఉంది. ఇక మట్టిలోని సూక్ష్మజీవి నుంచి బెంజమిన్ డగ్గర్ తీసిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా సుబ్బారావు డైరెక్టరుగా ఉన్న రోజుల్లోదే. టెట్రాసైక్లిన్ మందుల కుటుంబానికి అది పెద్దక్క. 1948 జూలైలో దాన్ని లోకానికి పరిచయం చేశారు.

మరుసటి నెల, ఆగస్టులో, న్యూయార్కులో నిద్రలోనే సుబ్బారావు గుండె ఆగిపోయింది. యాభై మూడేళ్ళు. నోబెల్ రాలేదు. చనిపోయిన ఐదేళ్ళకి, 1953లో, ఒక బూజుకి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. 1995లో శతజయంతికి మన ప్రభుత్వం తపాలాబిళ్ళ వేసింది.

మరి శేషగిరి?

కథ ఇక్కడిదాకా వచ్చేసరికి వినేవాళ్ళలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఆయన భార్య ఏమైందని. పెద్ద పెద్ద పుస్తకాల్లో ఒకటి రెండు వాక్యాల్లో తేల్చేసే సంగతి మా చిల్లకూరు ఆడవాళ్ళకి ముందు గుర్తొస్తుంది!

మూడేళ్ళన్న భర్త తిరిగి రాలేదు. ఏళ్ళు గడిచాయి, దశాబ్దాలు గడిచాయి. పుట్టిన ఒక్క కొడుకూ పసివాడుగానే పోయాడు. అటు బోస్టన్‌లో ఏటీపీ దొరికింది, ఇటు ఒక ఆడమనిషి పోస్టు కోసం చూసింది. పాతికేళ్ళ ఆ కాపురమంతా ఎదురుచూపే. 1948 ఆగస్టుతో ఆ ఎదురుచూపు కూడా లేకుండా పోయింది.

ఆయన వైపు నుంచీ చూడాలి. అప్పటి అమెరికా చట్టాలు మనవాళ్ళని గడప బయటే నిలబెట్టేవి. వెళ్ళినవాడు ఒకసారి బయటికొస్తే మళ్ళీ అడుగుపెట్టనిస్తారన్న నమ్మకం లేదు. కుటుంబాన్ని పిలిపించుకోవడం గగనం. 1946లో గానీ భారతీయులకు పౌరసత్వపు తలుపు తెరుచుకోలేదు. తెరుచుకున్నా ఆయన అమెరికా పౌరుడు కాలేదు, మనవాడిగానే పోయాడు. పని మీదున్న పిచ్చి కూడా ఉంది. ఒక ప్రశ్న తేలితే ఇంకో ప్రశ్న. ఇవన్నీ నేను చెబుతాను. అయినా వినేవాళ్ళు ఒప్పుకోరు. ఒకసారైనా వచ్చి చూసి పోవాల్సింది అంటారు. నేనూ వాళ్ళతో వాదించను. ఆయన మీద నాకున్న గౌరవం నిజం. శేషగిరిగారిని తలుచుకుంటే వచ్చే కోపమూ నిజం. రెండూ పక్కపక్కనే ఉంటాయి, ఏం చెయ్యను? ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను. ఈ మాత్రకి ఖరీదు కట్టినవాళ్ళలో ఆమె కూడా ఉంది. నగలమ్మిన వెంకమ్మ ఉంది. ఇల్లిల్లూ తిరిగిన లూసీ విల్స్ ఉంది. ప్రయోగానికి చెయ్యి చాపి రక్తం ఇచ్చిన, పేరు కూడా మిగలని బొంబాయి మిల్లు కార్మికురాలు ఉంది.

ఇంత ఖరీదైనదాన్ని మనం గూట్లో దాచి పారేస్తున్నాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్ళకి రక్తహీనత ఉంది. రోజుకో ఎర్రమాత్ర చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక ఇంకో 180 రోజులు వేసుకోవాలి. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, అర మిల్లీగ్రాము ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. వికారమైతే రాత్రి అన్నం తిన్నాక, పడుకునే ముందు వేసుకోండి. కాఫీ టీలతో కలిపి వేసుకోవద్దు. ఒక నిమ్మకాయ పిండుకుని నీళ్ళు తాగితే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. మా గూడూరు నిమ్మకాయలకి కొదవా! విసర్జన నల్లబడితే భయం లేదు, అది ఇనుము రంగే. మాత్ర పడకపోతే మానెయ్యకుండా నర్సమ్మకి చెప్పండి.

మీ ఇంట్లో కడుపుతో ఉన్న కోడలో, కూతురో ఉంటే ఈ పూట ఆ అట్ట తీసి ఎన్ని మాత్రలు మిగిలాయో ఓసారి లెక్కపెట్టండి. ఎక్కువ మిగిలి ఉంటే తిట్టకండి. పక్కన కూర్చోబెట్టుకుని, భీమవరం నుంచి కాశీకి పారిపోయిన పిల్లాడి కథ చెప్పండి. శేషగిరి పేరు మాత్రం మర్చిపోకుండా చెప్పండి.